పల్లవి లేని పాట: ఆల్టర్నేటివ్ రాక్ సింగిల్, దాని వీడియో, తెలుగు నేల

ఒక బ్యాండు తన పాటను తానే రాసుకుని, తానే బాణీ కట్టుకుని, తానే వాయించి, సినిమాతో నిమిత్తం లేకుండా ఒక్క పాటగా జనంలోకి వదిలితే దాన్ని సింగిల్ అంటారు. ఆ పాట కోసమే తీసిన నాలుగైదు నిమిషాల చిత్రం మ్యూజిక్ వీడియో. తెలుగులో ఈ రెండింటికీ నిలకడైన పేర్లు ఇంకా కుదరలేదు. పెద్దవాళ్ళు ‘ప్రైవేటు పాట’ అంటారు, కుర్రకారు ‘ఇండీ సాంగ్’ అంటారు. పేరు కుదరకపోవడానికి కారణం ఉంది. మన దగ్గర పాట అంటే సినిమా పాటే. పాట వినగానే ‘ఏ సినిమాలోది?’ అని అడగడం మనకు ఊపిరి పీల్చినంత సహజం. ‘ఏ సినిమాలోదీ కాదు’ అని జవాబు చెప్పాల్సిన పాట ఎలా బతుకుతుంది, దానికి వీడియో ఏ విధంగా ప్రాణం పోస్తుంది అన్నదే ఇక్కడి విషయం.

తూర్పు హైదరాబాదులో హబ్సిగూడ మెట్రో దగ్గర దిగి నాచారం వైపు తిరిగితే సినిమా పాటకూ సింగిల్‌కూ ఉన్న తేడా కంటికి ఆనుతుంది. ఒకవైపు పారిశ్రామికవాడ, రేకుల షెడ్లు, షిఫ్టు వదిలాక బారులు తీరే బస్సులు. మరోవైపు హెచ్ఎంటీ నగర్ కాలనీ, ఈఎస్ఐ ఆసుపత్రి. వీటి నడుమ ఎన్.టి. రామారావు నెలకొల్పిన రామకృష్ణా స్టూడియో. సినిమా పాట బొమ్మ కట్టేది అలాంటి చోటే. సెట్టు వేస్తారు, హీరో వస్తాడు, వెనక డాన్సర్లు నిలబడతారు. పాట పుట్టకముందే దాని సందర్భం, దాన్ని పాడే పాత్ర, చూసే జనం అన్నీ సిద్ధంగా ఉంటాయి. సింగిల్‌కు ఇవేవీ లేవు. అది ఒంటరిగా వచ్చి తలుపు తడుతుంది.

సింగిల్ మనకు కొత్తదా?

మాట కొత్తదేమో గానీ వస్తువు కొత్తది కాదు. 78 తిరుగుళ్ళ గ్రామఫోను రికార్డు ఒక వైపు మూడు నిమిషాల పైచిలుకు మాత్రమే పట్టేది. పాటకు ఆ కొలత అక్కడే పడింది. 1949లో ఆర్‌సీఏ విక్టర్ సంస్థ 45 తిరుగుళ్ళ చిన్న ప్లేటును తెచ్చాక పాశ్చాత్య దేశాల్లో ‘సింగిల్’ ఒక వ్యాపార ప్రమాణంగా స్థిరపడింది. అటు ఒకటి, ఇటు ఒకటి పాట. జేబుఖర్చుతో కొనుక్కోగల సరుకు.

తెలుగువాళ్ళకూ అలాంటి పాటలు ఉన్నాయి. కరుణశ్రీ పద్యాలను ఘంటసాల పాడిన పుష్పవిలాపం రికార్డు ఏ సినిమా కథకూ చెందదు. అయినా పద్యం రాని ఇంట్లోనూ అది మోగింది. ఆకాశవాణిలో బాలాంత్రపు రజనీకాంతరావు వంటివారు పెంచిన లలితగీతాలూ అంతే. వాటికి హీరో లేడు, హీరోయిన్ లేదు. రేడియోలో అవి హాయిగా బతికాయి, ఎందుకంటే రేడియోలో ఎవరికీ ముఖం అక్కర్లేదు. టీవీ వచ్చాక లెక్క మారింది. శుక్రవారం సాయంత్రం చిత్రలహరి కోసం వీధి వీధంతా కాచుకున్న రోజుల్లో తెర మీద కనిపించే పాటే పాట అయిపోయింది. సినిమా లేని పాటకు చూపించడానికి ఏమీ లేదు. లలితగీతం వెనకబడిపోవడానికి సాహిత్యం పలచబడటమే కారణమని చాలామంది అంటారు. నా లెక్కలో అంతకన్నా పెద్ద కారణం ఈ బొమ్మ కరువు.

ఇక రాక్ పాటకు ముందు చేరే ‘ఆల్టర్నేటివ్’ అన్న మాట 1980లలో అమెరికాలో గట్టిపడింది. పెద్ద రేడియో స్టేషన్లు ముట్టుకోని పాటలను కాలేజీ విద్యార్థులు నడిపే చిన్న స్టేషన్లు వేసేవి. వాటిని చిన్న చిన్న రికార్డు సంస్థలు అచ్చువేసేవి. జార్జియా రాష్ట్రంలోని ఏథెన్స్ అనే కాలేజీ ఊళ్ళో 1980లో పుట్టిన ఆర్.ఇ.ఎమ్. బ్యాండు ఆ దారిలోనే వచ్చింది. 1981లో వాళ్ళ తొలి సింగిల్ ‘రేడియో ఫ్రీ యూరప్’ను హిబ్‌టోన్ అనే బుల్లి సంస్థ వేసింది. 1988లో వాళ్ళు వార్నర్ బ్రదర్స్‌కు మారారు. మూడేళ్ళు తిరిగేసరికి, 1991 ఫిబ్రవరిలో, ఈ ప్రక్రియ మొత్తానికి నమూనాగా చెప్పదగిన సింగిల్ వాళ్ళ చేతుల మీదుగా వచ్చింది. దాని పేరు ‘లూజింగ్ మై రిలీజియన్’.

టేపులో దొరికిన బాణీ

గిటారిస్టు పీటర్ బక్ అప్పుడే మాండలిన్ కొనుక్కుని, టీవీ ముందు కూర్చుని సాధన చేస్తున్నాడు. చేతికి ఏది తగిలితే అది మీటుతూ, అంతా టేపు చేసుకున్నాడు. మర్నాడు ఆ టేపు వింటే చాలావరకు నేర్చుకునేవాడి తడబాట్లే. వాటి మధ్యలో ఒక చిన్న ముక్క మాత్రం మెరిసింది. ఆ ముక్కే పాటకు మూలం. వాద్యం బాగా వచ్చినవాడికి ఆ ముక్క తట్టేది కాదేమో! వేళ్ళు ఇంకా దారి వెతుక్కుంటున్నాయి గనకే అలవాటైన గిటారు చాళ్ళలోకి అవి జారిపోలేదు.

1990 సెప్టెంబరులో న్యూయార్క్ రాష్ట్రంలోని బేర్స్‌విల్ స్టూడియోలో పాట రికార్డయింది. నిర్మాత స్కాట్ లిట్. బాసు వాయించిన మైక్ మిల్స్ ఫ్లీట్‌వుడ్ మ్యాక్ బ్యాండులోని జాన్ మెక్‌వీ ధోరణిని మనసులో పెట్టుకుని తన వరస అల్లుకున్నాడు. డ్రమ్ములు బిల్ బెర్రీవి. అట్లాంటా సింఫనీ వాద్యకారులు వెనక తీగ వాద్యాలు వాయించారు. గాయకుడు మైకేల్ స్టైప్ ఒక్క టేకులో పాడేశాడు.

ఈ పాటకు మన అర్థంలో పల్లవి లేదు. తెలుగు శ్రోత పాటను పట్టుకునేదే పల్లవితో. ‘ఆ పాట ఏదీ...’ అని గుర్తుచేసుకునేటప్పుడు నాలుక మీదికి వచ్చేది ఆ మొదటి మాటలే. ఇక్కడ చరణం వెనక చరణంలా పాట సాగిపోతుంది. చరణాల మధ్య మాండలిన్ తిరిగి తిరిగి వచ్చి పల్లవి పని చేస్తుంది. అంటే పాట గుర్తుండిపోయేది మాటతో కాదు, వాద్యంతో. ఆల్బంలో ముందుగా వదిలే సింగిల్‌కు ఇది తగునా అని రికార్డు సంస్థ వెనకాడింది. ఊదరగొట్టే గిటారు లేదు, అందరూ కలిసి పాడుకునే పల్లవి లేదు, పైగా జానపద వాద్యమైన మాండలిన్! బ్యాండు పట్టుబట్టింది. పాట అమెరికా బిల్‌బోర్డు పట్టికలో 4వ స్థానం దాకా ఎక్కింది. దాన్ని మోసుకొచ్చిన ‘అవుట్ ఆఫ్ టైమ్’ ఆల్బం అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ మొదటి స్థానంలో నిలిచింది.

పేరు విషయంలో ఒక మాట. దాన్ని మాటకు మాటగా తెలుగు చేస్తే ‘మతం పోగొట్టుకోవడం’ అవుతుంది, ఆ అర్థం పాటలో లేదు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల వాడుకలో అది ఒక జాతీయం. ఓపిక నశించడం, మర్యాద గీత దాటేదాకా విసిగిపోవడం దాని భావం. మన ఇళ్ళలో ‘నా సహనానికీ ఓ హద్దుంటుంది’ అంటామే, ఆ చోటు. తిరుగు ప్రేమ దక్కని మనిషి ఒక్కడే కూర్చుని ఎదుటివారి ప్రతి కదలికకూ అర్థాలు వెతుక్కోవడం పాట వస్తువని స్టైప్ పలుమార్లు చెప్పాడు. అయినా సగం లోకం దాన్ని దేవుడి గురించిన పాటగానే వింది. అందులో వీడియో పాత్ర తక్కువేమీ కాదు.

జలంధర్ కుర్రాడి కెమెరా

ఆ వీడియో తీసింది మనవాడు. తర్సేమ్ సింగ్ 1961లో జలంధర్‌లో పుట్టాడు, తర్వాత కాలిఫోర్నియాలోని పాసడీనాలో ఆర్ట్ సెంటర్‌లో చదువుకున్నాడు. తరువాత ‘ద సెల్’ (2000), ‘ద ఫాల్’ (2006) సినిమాలతో పేరు తెచ్చుకున్నాడు. 1991 నాటికి మాత్రం అతను పెద్ద పేరున్నవాడు కాదు.

వీడియో ఒక మసక గదిలో మొదలవుతుంది. కిటికీ గట్టు మీద పాల కూజా. బ్యాండు మనుషులు గదిలో అటూ ఇటూ పరుగెడతారు. కూజా పడి పగులుతుంది, పాలు నేల మీద పారతాయి. పాట ఇంకా మొదలే కాలేదు. రష్యన్ దర్శకుడు తర్కోవ్‌స్కీ తీసిన ‘ద శాక్రిఫైస్’ చూసినవారికి ఆ పాల కూజా ఎక్కడిదో వెంటనే తెలుస్తుంది. తర్వాత వచ్చే దృశ్యాల్లో మనుషులు పటాల్లోలాగా కదలకుండా నిలబడి ఉంటారు. ఇటలీ చిత్రకారుడు కరవాజియో కాన్వాసుల మీది చీకటి వెలుగులు, బాణాలు గుచ్చుకున్న సెయింట్ సెబాస్టియన్, క్రీస్తు గాయాన్ని వేలితో తడిమి చూసిన థామస్, వాటి పక్కనే మన దేవుళ్ళ కేలండరు బొమ్మల భంగిమలు. రెక్కలతో నేలకు దిగిన ఒక ముసలివాడు కూడా ఉంటాడు. కొలంబియా రచయిత గాబ్రియేల్ గార్సియా మార్కెజ్ కథ నుంచి నడిచొచ్చిన మనిషి అతను.

మన సినిమాల మోతాదులో భావోద్వేగం, కలలాంటి వాతావరణం కావాలని తర్సేమ్ కోరుకున్నాడని స్టైప్ తరువాత చెప్పాడు. ఈ మాట తెలుగు పాఠకులకు ప్రత్యేకంగా చెప్పాలి. కేలండరు దేవుడు, రంగుల పరదా, నాటకంలోలా ముఖానికి ఎదురుగా వచ్చే వెలుతురు మనకు చిన్నప్పటి నుంచీ అలవాటైన చూపు. మంగలి షాపు గోడ మీద, కిరాణా కొట్టు గల్లాపెట్టె పైన, పౌరాణికం సెట్టులో చూసినవే అవి. అమెరికా ప్రేక్షకుడికి అదే చూపు వింతగా, పవిత్రంగా తోచింది. మనం ముతకదని పక్కన పెట్టిన బొమ్మల భాషను ఒక పంజాబీ కుర్రాడు తీసుకెళ్ళి ప్రపంచంలో అతి నవీనమైన సంగీతానికి తొడిగాడు.

స్టైప్‌లోనూ ఒక మార్పు వచ్చింది. అంతకుముందు వీడియోల్లో పెదవులు కదిపి పాడినట్టు నటించడం అతనికి ఇష్టం ఉండేది కాదు. ఈ వీడియోలో ఒప్పుకున్నాడు. కెమెరాను సూటిగా చూస్తూ పాడాడు, చేతులు విసురుతూ, తూలుతూ, ఒంట్లోని ఇబ్బందినంతా బయటపెట్టే ఆట ఆడాడు. ఆ ఆటకు లయ ఉంది గానీ స్టెప్పు లేదు. డాన్సు మాస్టరు కంపోజు చేసిన పాటలకు అలవాటుపడిన కంటికి మొదట అది తప్పుగా కనిపిస్తుంది. రెండోసారి చూస్తే మనిషి కనిపిస్తాడు.

1991 ఎమ్‌టీవీ వీడియో పురస్కారాల్లో ఆ ఏటి ఉత్తమ వీడియోతో కలిపి ఆరు దీనికే వచ్చాయి. మరుసటి ఏడాది గ్రామీల్లో పాటకు ఒకటి, వీడియోకు ఒకటి దక్కాయి. అదే 1991 సెప్టెంబరులో నిర్వాణా బ్యాండు ‘స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్’ వచ్చింది. దాని వీడియో కూడా ఎమ్‌టీవీలో రోజంతా తిరిగి, ఆల్టర్నేటివ్ అన్న మాటను పక్కదారి నుంచి రాజబాట మీదికి లాగేసింది. 1994లో సౌండ్‌గార్డెన్ ‘బ్లాక్ హోల్ సన్’ వీడియో వచ్చింది. ఆ బ్యాండులో గిటారు పట్టిన కిమ్ తాయిల్ కేరళ దంపతుల కొడుకు.

మాండలిన్ అంటే మనకు పాలకొల్లు

ఏథెన్స్‌లో పీటర్ బక్ మాండలిన్ నేర్చుకోవడం మొదలుపెట్టే నాటికే ఆ వాద్యాన్ని ప్రపంచ వేదికల మీద కూర్చోబెట్టిన తెలుగువాడు ఒకడున్నాడు. ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో పుట్టాడు. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ విద్వాంసుడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండలిన్ రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విన్నది వాద్యం మీద వెతుక్కునేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం.

వాద్యం సంగతి కాస్త దగ్గరగా చూడాలి. మామూలు మాండలిన్‌కు తీగలు జంటలు జంటలుగా నాలుగు వరసలు. మీటిన స్వరం టక్కున మోగి ఆరిపోతుంది. జంట తీగలను పక్కకు లాగి గమకం పలికించడం కష్టం. పైగా మెట్లు అడ్డం. కర్ణాటక సంగీతానికి అసలు పనికిరాదనిపించే వాద్యం అది. శ్రీనివాస్ జంటలు తీసేసి ఒంటి తీగలు పెట్టుకున్నాడు, ఐదో తీగ చేర్చుకున్నాడు, కరెంటు పికప్ తగిలించాడు. స్వరం నిలబడింది. నిలబడిన స్వరాన్ని వంచవచ్చు, ఊపవచ్చు. రాక్ గిటారిస్టులు విద్యుత్తుతో సాధించినదీ ఇదే కదా! స్వరాన్ని ఆరిపోనివ్వకుండా పట్టుకోవడం. 1995లో కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో కలిసి ఆయన ‘డ్రీమ్’ ఆల్బం చేశారు. దాన్ని పీటర్ గాబ్రియేల్ స్థాపించిన రియల్ వరల్డ్ సంస్థ విడుదల చేసింది. ఈ బ్రూక్ తయారుచేసిన ‘ఇన్ఫినిట్ గిటార్’నే 1987లో యూ2 బ్యాండు ‘విత్ ఆర్ వితౌట్ యూ’ పాటలో వాడింది, ఆ ఎడతెగని స్వరం దానిదే. పాలకొల్లు వాద్యం, ఐర్లండు రాక్ బ్యాండు ధ్వని ఒకే మనిషి చేతి మీదుగా కలిశాయి. తెలుగు సంగీత చరిత్రలు ఈ కలయికను ఒక వాక్యంతో దాటేస్తాయి. నాకు అది బాధ కలిగిస్తుంది. శ్రీనివాస్ 2014 సెప్టెంబరు 19న, 45 ఏళ్ళకే వెళ్ళిపోయారు.

కేబుల్ తీగ మీద వచ్చిన పాట

1991లో స్టార్ టీవీతో పాటు ఎమ్‌టీవీ మన దేశంలో అడుగుపెట్టింది. 1994లో ఛానల్ వీ, 1996లో ఎమ్‌టీవీ ఇండియా. కాలనీలో ఎవరో ఒకరు మేడ మీద డిష్ పెట్టి, చెట్ల మీదుగా, కరెంటు స్తంభాల మీదుగా ఇళ్ళకు నల్ల తీగలు లాగేవారు. ఉప్పల్, నాచారం కాలనీల పిల్లలకు మ్యూజిక్ వీడియో అన్న వస్తువు ఆ తీగ వెంటే వచ్చింది. 1995లో అలీషా చినాయ్ ‘మేడిన్ ఇండియా’ హిందీలో సినిమా లేని పాటకూ బజారు ఉందని రుజువు చేసింది. తెలుగులో ఆ ధైర్యం స్మిత చేసింది. విజయవాడ అమ్మాయి, ‘పాడుతా తీయగా’ వేదిక నుంచి వచ్చిన గాయని. 2000లో వచ్చిన ‘హాయ్ రబ్బా’ తెలుగు పాప్‌కు తొలి పెద్ద గుర్తింపు. అది రాక్ కాదు. కానీ ‘ఏ సినిమా?’ అన్న ప్రశ్నకు ‘సినిమా కాదు, స్మిత’ అని జనం జవాబు చెప్పిన తొలి సందర్భాల్లో అది ఒకటి.

అసలు ఆల్టర్నేటివ్ రాక్‌ను దక్షిణాదిలో సొంత భాషలో నిలబెట్టిన ఘనత మలయాళీలది. 2003లో తిరువనంతపురంలో మొదలైన అవియల్ బ్యాండు ‘నడ నడ’ వీడియోతో పేరు తెచ్చుకుంది, 2008లో తన పేరుతోనే ఆల్బం వేసింది. వాళ్ళు పొలం పాటల నడకను, పల్లె మాటను తీసుకుని గిటారు మీదికి ఎక్కించారు. తెలుగులో అదే కాలంలో గిటారు పట్టిన కాలేజీ బ్యాండ్లలో చాలావాటికి ఇంగ్లిషు పాటల మీదే మోజు. సొంత పాట రాసినా ఇంగ్లిషులోనే. ఇంటి భాషలో పాడితే సినిమా పాట అనుకుంటారేమోనన్న జంకు మనల్ని పదేళ్ళు వెనక్కి నెట్టింది.

ఫ్లోరులో నాగ్రా

పాట బొమ్మ తీయడం సినిమాలో అయినా సింగిల్‌లో అయినా ఒకటే పని. ముందే రికార్డయిన పాటను సెట్టులో గట్టిగా మోగిస్తారు, నటులు దానికి పెదవులు కలుపుతారు. ఆ మోగించే యంత్రానికి, మోగించే మనిషికి కూడా తెలుగు సినిమా వాళ్ళు పెట్టుకున్న పేరు ‘నాగ్రా’. ఒకప్పుడు స్విట్జర్లండులో కుడెల్‌స్కీ సంస్థ తయారుచేసిన టేపు రికార్డరు పేరు అది. టేపు పోయి కంప్యూటరు వచ్చినా ఫ్లోరులో ‘నాగ్రా!’ అన్న కేక పోలేదు. నెమ్మది కదలిక కావాలంటే ఒక కిటుకు ఉంది. పాటను రెట్టింపు వేగంతో మోగిస్తారు, కెమెరాను సెకనుకు 48 ఫ్రేములతో తిప్పుతారు. దాన్ని 24 ఫ్రేముల లెక్కన చూపిస్తే జుట్టు, చీర చెంగు, వాన చినుకు మందగిస్తాయి గానీ పెదవులు పాటతో కచ్చితంగా కలుస్తాయి. చిలకల గొంతులా గిరగిరా తిరిగే పాటకు నటి ముఖంలో విషాదం చెడకుండా పాడాలి. చూసినవాళ్ళకే ఆ కష్టం తెలుస్తుంది.

నాచారం రామకృష్ణా స్టూడియోలాంటి చోట ఒక రోజు షూటింగంటే అద్దె, లైట్‌మన్లు, మేకప్, ప్రొడక్షన్ భోజనాలు అన్నీ లెక్క. నలుగురు కుర్రాళ్ళ బ్యాండుకు ఆ గేటు దాటడం తలకు మించిన పని. అందుకే తెలుగు సింగిళ్ళ వీడియోలు మేడల మీద, చెరువు గట్ల మీద, ఇరానీ కేఫుల్లో, తాళం పడిన షెడ్లలో పుట్టాయి. ఈ లేమి వాటికి మేలే చేసిందని నా నమ్మకం. సెట్టు లేకపోవడంతో ఊరు ఫ్రేములోకి వచ్చింది.

చౌరస్తా, ఆ తర్వాత

హైదరాబాదు బ్యాండు చౌరస్తా ఈ దారిలో పెద్ద మలుపు. యశ్వంత్ నాగ్, రామ్ మిర్యాల ఆ బ్యాండుకు ప్రధాన గొంతులయ్యారు. వాళ్ళది శుద్ధమైన ఆల్టర్నేటివ్ రాక్ కాదు. జానపదాన్ని జమైకా రెగే నడకతో కలిపారు. రెగేలో గిటారు దెబ్బ తాళం ఎత్తుగడ మీద కాకుండా దాని పక్కన పడుతుంది, మన పల్లె పాటల్లో డప్పు చేసే చిలిపితనంలాగే. ‘మాయ’, ‘ఊరెళ్ళిపోతా మామ’ పాటలు యూట్యూబులో ఇంటింటికీ చేరాయి. రెండో పాటలో నగరానికి విసిగిన మనిషి మూట సర్దుకుంటున్నాడు. నాచారం, మల్లాపూర్, ఉప్పల్ గదుల్లో అద్దెకుంటూ పండక్కి బస్సు టికెట్టు కోసం వెతికే లక్షల మందికి అది సొంత పాట. హీరో ముఖం లేకుండానే వాళ్ళు దాన్ని గుర్తుపట్టారు. 2020లో కరోనా మొదలయ్యే రోజుల్లో ‘చేయి చేయి కలపకురా’ పాట ఒక జాగ్రత్తను వీధుల్లోకి మోసింది.

తర్వాత జరిగింది తెలుగులో ఎప్పుడూ జరిగేదే. సినిమా వచ్చి పిలిచింది. రామ్ మిర్యాల 2021లో ‘జాతిరత్నాలు’ కోసం రథన్ స్వరపరచిన ‘చిట్టి’ పాడి రాష్ట్రాలు దాటాడు, 2022లో ‘డీజే టిల్లు’ టైటిల్ పాటను తానే కట్టి పాడాడు. పాతబస్తీ యాసతో ‘మగజాతి’, ‘మాకికిరికిరి’ వంటి సొంత సింగిళ్ళు వదిలి పేరు తెచ్చుకున్న రాహుల్ సిప్లిగంజ్ 2023 మార్చిలో కాలభైరవతో కలిసి ఆస్కార్ వేదిక మీద ‘నాటు నాటు’ పాడాడు. ఈ ఎదుగుదల చూసి సంతోషించనివారు ఉండరు. అయితే సినిమాలోకి వెళ్ళిన గొంతు సొంత సింగిల్‌కు తిరిగి రావడం అరుదైపోతోంది, ఆ వెలితి వింటున్నవారికి తెలుస్తోంది.

జానపద సింగిల్ మాత్రం ఎవరి పిలుపు కోసమూ ఆగలేదు. 2021లో మోహన భోగరాజు పాడిన ‘బుల్లెట్టు బండి’ ఏ సినిమాదీ కాదు. ఆ ఆగస్టులో మంచిర్యాల పెళ్ళికూతురు ఒకామె దానికి వేసిన స్టెప్పులు ఫోన్లలో తిరిగి, ఊరూరా బరాత్‌ల్లో ఆ పాట తప్పనిసరి అయింది. రికార్డు సంస్థ పెట్టిన వీడియో ఒకటి, పెళ్ళికూతురు వీడియో ఇంకోటి. జనం గుర్తుపెట్టుకున్నది రెండోదే. అమెరికాలో తర్సేమ్ పాల కూజా పగలగొట్టిన ముప్పై ఏళ్ళకు మన దగ్గర పాటకు ముఖం ఇచ్చింది పారాణి కాళ్ళతో, పెళ్ళి బట్టల్లోనే రోడ్డు మీద ఆడిన ఒక అమ్మాయి.